యాభై దాకా చెప్తాడు, ఐదు ఇమ్మంటే గుప్పెడు ఇస్తాడు. మామూలేనా?

బుడ్డోడి అమ్మ:
మా వాడికి మొన్నే మూడున్నర నిండింది, నర్సరీ. వన్ టూ త్రీ యాభై దాకా ఆగకుండా చెప్పేస్తాడు, చుట్టాలొస్తే మేమే చెప్పిస్తాం కూడా. కానీ ఐదు చిక్కుడుకాయలు ఇటివ్వు నాన్నా అంటే గుప్పెడు తీసి ఇచ్చేస్తాడు. లెక్కపెట్టమంటే వేలు పెట్టి కరెక్టుగానే పెడతాడు, మరి మొత్తం ఎన్ని అంటే మళ్ళీ మొదట్నించీ మొదలు. అత్తయ్యేమో మా అబ్బాయి ఈ వయసుకి ఎక్కాలు అప్పజెప్పేవాడు అంటారు. పాప నాలుగో క్లాసు, ఎక్కాలన్నీ వచ్చు, అయినా 8 + 4 = □ + 5 అంటే గడిలో 12 రాసింది. ఇద్దర్నీ అబాకస్‌లో వెయ్యమని మా ఆయన గొడవ. అసలు లెక్క బుర్రకి ఎప్పుడు, ఎలా ఎక్కుతుందండీ?

పలకాబలపం:
టెన్షన్ పడకండి మేడమ్, నేను చిన్న క్లాసుల టీచర్ని. అంకెలు వరసగా చెప్పడం వాడికి ఇప్పుడు పాట లాంటిది. ఆఖర్న పలికిన అంకే మొత్తం ఎన్నో చెప్తుందన్న సంగతి విడిగా తెలియాలి. ముందు ఒకటి అంటే తెలుస్తుంది, కొన్ని నెలలకి రెండు, తర్వాత మూడు, ఆ పైన మూడున్నర నాలుగేళ్ళ మధ్య చాలామందికి మిగతావన్నీ ఒక్కసారే పట్టుబడతాయి, కొందరికి ఇంకాస్త లేటు. రెండు ఇవ్వు, మూడు ఇవ్వు అని అడగండి, తప్పిన చోట ఆగి ఆడించండి, వంద దాకా చెప్పిస్తే ఒరిగేదేం లేదు.

ఇంకోటి కూడా చూస్తారు. రూపాయి బిళ్ళలు రెండు వరసలు సమానంగా పేర్చి ఒకదాన్ని ఎడంగా జరిపితే, ఐదేళ్ళ పిల్లలు చాలామంది పొడుగు వరసలోనే ఎక్కువున్నాయంటారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే ఇలాంటివి చూసే, జరిపినా సంఖ్య మారదని ఏడేళ్ళకి గానీ తెలీదన్నాడు. నాకది పూర్తిగా ఒప్పుదల లేదు. 1974లో వచ్చిన ఒక స్టడీలో అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి వరస చెరిపినట్టు ఆడిస్తే చాలా ఎక్కువమంది పిల్లలు సమానమే అన్నారు. పెద్దవాళ్ళు కావాలని జరిపి అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, జవాబు మార్చాలేమో అనుకుంటారు పాపం.

చిల్లరకొట్టు:
వయసు సరే, అవసరం సంగతేంటి? మా రైతుబజార్లో అమ్మ పక్కన కూర్చునే పిల్ల కిలో 36 అయితే ముప్పావు 27 అని టక్కున చెప్తుంది, అదే పేపర్ మీద 36 × 3/4 వేసిస్తే బిత్తరపోతుంది. ఇది నా సొంత కవిత్వం కాదు, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ళ టీమ్ కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల్ని చూసి 2025లో నేచర్ పత్రికలో ఇదే రాశారు. బజారు లెక్క నోటితో చేసేవాళ్ళు బడి లెక్క దగ్గర ఆగిపోయారు, బడిలో బాగా చేసేవాళ్ళు బజార్లో తడబడ్డారు. ఒకటొస్తే రెండోది దానంతటదే రాదు. పాపని కూరగాయలకి తీసుకెళ్ళండి, డబ్బులు తన చేతికివ్వండి.

ఇంటర్ మాస్టారు:
పాప 12 సంగతి ఎవరూ ఎత్తలేదేంటి, నాకు అదే ముఖ్యం. ఆ పిల్లకి ఈక్వల్ టు అంటే జవాబు ఇక్కడ రాయి అని, రెండు వైపులా సమానం అని కాదు, లేకపోతే 7 రాసేది. ఇన్నాళ్ళూ ఎడమన లెక్క, కుడిన జవాబు తప్ప ఏం చూసింది? కొందరు అన్నీ కూడేసి 17 రాస్తారు. 10 = □ + 6 లాంటివి ఇవ్వండి, 9 = 9 నిజమా కాదా అడగండి. లేకపోతే ఎక్స్ వచ్చాక అటు పోతే మైనస్ అవుద్ది అని బట్టీ పట్టుకుని మా దగ్గరకొస్తారు, ఇంటిగ్రేషన్ గడగడా చేస్తారు, ఎందుకు అంటే దిక్కులు చూస్తారు.

ఎదగడం అంటే నా లెక్కలో ఇదీ: బేసికి బేసి కలిపితే సరి. చిన్నపిల్ల 3 + 5, 7 + 9 వేసి అవునంటుంది. ఇంకొంచెం పెద్దదైతే ప్రతి బేసిలో జతలు పోగా ఒకటి మిగులుద్ది, ఆ రెండు ఒకట్లూ జత కడతాయి అంటుంది, ఇది ఏ బేసికైనా చెల్లుద్ది. అదే మాట తర్వాత ఆల్జీబ్రాలో రాస్తుంది. నా మటుకు పెద్ద గెంతు ఆ జతల దగ్గరే, ఆల్జీబ్రా దగ్గర కాదు. అది వయసుతో దానంతటదే రాదు కూడా, 20 శాతం తగ్గింపు మీద ఇంకో 20 అంటే 40 అనుకునే పెద్దోళ్ళు ఎంతమంది లేరు, వచ్చేది 36.

బుడ్డోడి అమ్మ:
జతల మాట పాపకి చింతగింజలతో చూపిస్తా మాస్టారూ. మరి అబాకస్?

పలకాబలపం:
నోటిలెక్క స్పీడు పెరుగుద్ది, పాపకి సరదా అయితే వెయ్యండి. గడిలో 12 ఎందుకు కాదో మాత్రం అక్కడ చెప్పరు. చిన్నోడికి అస్సలొద్దు.