నా దగ్గర తొమ్మిది షార్ట్ ఫిల్ములు ఉన్నాయి, పోర్ట్‌ఫోలియోలో అన్నీ పెట్టవచ్చా?

నమస్కారం. చదువుకోసం విదేశానికి వచ్చి, ఇక్కడ సినిమా కోర్సులో చేరి మూడు వారాలైంది. టర్ము చివర పోర్ట్‌ఫోలియోతో పాటు, నా పనిని నేనే పరిశీలించుకుంటూ ఒక వ్యాసం కూడా ఇవ్వాలట. సినిమాలున్నాయి కానీ ఆ వ్యాసంలో ఏం రాయాలో అర్థం కావడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

జవాబు 1

తమ్ముడూ, తొమ్మిదీ వద్దు. రెండో మూడో చాలు, అన్నిటికన్నా మంచిది ముందు పెట్టు. నాసిరకం సినిమా ఒక్కటి మధ్యలో ఉంటే, చూసేవాళ్లకు గుర్తుండేది అదే. ప్రతిదాని కిందా నువ్వు చేసిన పనేమిటో రాయి: దర్శకత్వమా, కెమెరానా, ఎడిటింగా. స్నేహితుడు తీసిన షాటు నీ ఖాతాలో వేసుకుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

వ్యాసం దగ్గరే మనవాళ్లు తడబడతారు. పరీక్ష అంటే తప్పు దాచి ఒప్పు చూపించడమని అలవాటు కదా. నేనూ 'ఈ చిత్రం ద్వారా ఎంతో నేర్చుకున్నాను' అంటూ రెండు పేజీలు నింపాను. 'ఏం నేర్చుకున్నావు?' అని మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాసి తిరిగి ఇచ్చారు.

రెండోసారి ఒకే ఒక్క షాటు గురించి రాశాను. రాత్రి, వంటగది, పాత ట్యూబులైటు. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం, సెకనులో 1/50 వంతుకు పెట్టాను, ఇండియాలో చేతికి అలవాటైన అంకె. కెమెరా తెర మీద అంతా బాగానే కనిపించింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే నటి ముఖం మీద మసక చారలు పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు; నేను దిగిన దేశంలో 60. ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు చొప్పున, అక్కడ ఆ దీపం సెకనుకు 120 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు, కెమెరా పట్టేస్తుంది. 1/60 పెట్టి ఉంటే ఒక్కో ఫ్రేముకు సరిగ్గా రెండు మినుకులు పడి సరిపోయేది. మళ్లీ తీసే వీలు లేక, ఆమె మాటలను ఖాళీ వరండా షాటు మీద వినిపించాను. ముఖం కనబడకపోయేసరికి ఆమె అబద్ధం చెబుతోందేమో అన్న అనుమానం పుట్టింది. స్క్రిప్టులో అది లేదు! ఏం అనుకున్నాను, ఎందుకు చెడింది, ఏం మార్చాను, దానితో కథ ఎటు తిరిగింది... ఇంతే రాశాను. ముప్పావు పేజీ. ఈసారి ప్రశ్నలు రాలేదు.

జవాబు 2

అన్నగారు శబ్దం సంగతి మరిచిపోయారు. కెమెరావాళ్లందరిదీ ఇదే తంతు. తమ్ముడూ, ప్రతి లొకేషన్‌లోనూ అందరినీ కదలకుండా నిలబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని 30 సెకన్లు రికార్డు చేసుకో. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులను కప్పేది అదే. సినిమా పాటలు వాడకు. తరగతిలో చెల్లినా, ఫెస్టివల్‌కు పంపేటప్పుడు హక్కుల కాగితాలు అడుగుతారు.

తెలుగులో తీసినవి పక్కన పడేయకు. సబ్‌టైటిల్స్ వెయ్యి, ఒకసారికి రెండు వరుసలు మించకుండా. 'ఏమండీ' అన్న పిలుపును ఇంగ్లీషులో ఏం చేశావు, ఎందుకలా చేశావు? నీ వ్యాసానికి అందులోనే ఒక పేజీ ఉంది. షూటింగ్ అయిన రాత్రే నాలుగు వాక్యాలు పుస్తకంలో రాసుకో, నెల తర్వాత ఏదీ గుర్తుండదు.

అడిగినవారు

అన్నగారికి, అక్కకు ధన్యవాదాలు. ఆరు తీసేశాను. మిగిలిన మూడింట్లో ఒకదానిలో నిజంగానే 'ఏమండీ' ఉంది. నేను దాన్ని 'సర్' అని అనువదించాను. ఇప్పుడు చూస్తే ఆవిడ మొగుణ్ణి కాదు, మేనేజరును పిలుస్తున్నట్టుంది. ఈ రాత్రే మార్చేస్తాను.

జవాబు 2

మార్చు. పాత ఫైలు మాత్రం చెరిపేయకు, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాలి.