సమస్యాపూరణం: “పురుగే రాజయ్యె నెల్లపుడమి యడంగెన్”

ఈ వారం కందపాదం ఇచ్చాను. వస్తువు మాత్రం మన పురాణాలది కాదు, దక్షిణాఫ్రికాలోని జులు రాజు షాకా పేరు.

ప్రచారంలో ఉన్న కథనం ఇది. 1787 ప్రాంతంలో లంగేని తెగకు చెందిన నంది గర్భవతి అయిందని జులు నాయకుడు సెంజంగఖోనాకు కబురు వెళ్లింది. అక్కడి పెద్దలు “అది గర్భం కాదు, ఇషాకా” అని కొట్టిపారేశారు. ఇషాకా అంటే పేగుల్లో చేరి నెలసరిని ఆపుతుందని అప్పటివారు నమ్మిన పురుగు. కొడుకు పుట్టాక నంది వైపువారు “మీ పురుగును వచ్చి తీసుకుపోండి” అని తిరిగి కబురంపారు. ఆ బిడ్డే 1816 నుంచి 1828 వరకు జులు రాజ్యాన్ని ఏలిన షాకా.

జులు భాషలో వ్యక్తుల పేర్లకు ముందు ‘ఉ’ చేరుతుంది. ‘ఇషాకా’ పురుగు, ‘ఉషాకా’ మనిషి. ఒక్క అచ్చు మారితే నింద పేరైంది. పూరణలో ఆ మలుపు పట్టుకోండి. పాత పుస్తకాల్లో ‘చాకా’ అని కనిపిస్తుంది, మనం ‘షాకా’ అనే రాద్దాం.

మొదటి పూరణ (రాజమండ్రి)

అరయక నందినిఁ బెద్దలు
బరువది పురుగే కడుపునఁ బడెనని పలుకన్
మరి షాకా యను పేరున
పురుగే రాజయ్యె నెల్లపుడమి యడంగెన్

నిర్వాహకుడు: రెండో పాదం కథను సూటిగా పట్టింది. మూడో పాదం చివర తప్పు దొర్లింది. ‘పేరున’ ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట), దాని తరువాత ‘ప’ ‘బ’గా మారి ‘బురుగే’ కావాలి. ఇచ్చిన సమస్యను మార్చకూడదు కనుక “మరి షాకా యను పేరై” అంటే సరిపోతుంది. ఇంకొక మాట. ఇక్కడి నంది శివుని వాహనం కాదు. జులు భాషలో ‘మ్నంది’ అంటే తీయనిది, ఆ తల్లి పేరు అందులోంచి వచ్చింది. చదివేవారి కోసం పద్యం కింద చిన్న వివరణ ఇవ్వండి.

రాజమండ్రి: ‘పేరై’ స్వీకరించాను గురువుగారూ. ద్రుతం దగ్గర ప్రతిసారీ జారుతున్నాను.

రెండో పూరణ (డర్బన్)

తరుణులు నవ్విరి “షాకా
దొర కాఁ డెన్నటికి” ననుచు; దొసఁగుల నోర్చెన్;
సరిగా నా యేఁటికె యా
పురుగే రాజయ్యె నెల్లపుడమి యడంగెన్

షాకా మీద జులువారు చెప్పే ప్రశస్తి ‘ఇజిబోంగో’లో ఈ ఘట్టం ఉంది. నోమ్‌గాబి ఇంటి ఆడవాళ్లు ఒకచోట చేరి, షాకా ఏలడు, రాజు కాడు అని వేళాకోళం చేశారట. తీరా ఆ ఏడే అతనికి కలిసివచ్చింది. మా పెద్దలు మద్రాసు నుంచి ఓడ ఎక్కి నేటాలు (డర్బన్ ఉన్న ప్రాంతం) చేరినవారు. ఇప్పుడు మేము ఊరికి బయలుదేరేది 2010లో తెరిచిన కింగ్ షాకా విమానాశ్రయం నుంచే. ఆ పేరు రోజూ వింటాను, అర్థం మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

నిర్వాహకుడు: అమ్మా, ప్రశస్తిని పూరణలోకి తేవడం ఎంతో సంతోషం కలిగించింది. అయితే ‘దొసఁగుల నోర్చెన్’ అన్నది ఎవరు? తరుణులా, షాకాయా? అన్వయం తెగింది.

డర్బన్: రెండో పాదాన్ని ఇలా మారుస్తున్నాను: “దొర కాఁ డెన్నటికి ననుచుఁ దొలినాళ్ళందున్”.

నిర్వాహకుడు: ఇప్పుడు నవ్వు నుంచి సింహాసనం దాకా ఒకే ఊపులో సాగింది.

హైదరాబాదు నుంచి ఒక ప్రశ్న: ‘ఎల్ల పుడమి’ అతిశయోక్తి కాదా? షాకా ఏలింది ఆగ్నేయ తీరప్రాంతాన్నే కదా.

నిర్వాహకుడు: చరిత్రలో నిజమే, ప్రశస్తిలో తప్పు కాదు. పైగా ‘జులు’ అంటే ఆకాశం. ఆకాశం పేరు పెట్టుకున్న జనానికి పుడమి తలవంచిందంటే ఆ పోలిక నాకు ఎంతో ఇష్టం.

మూడో పూరణ (నెల్లూరు)

నరపతి నామముఁ బలుకఁగ
సరి కాదని జనులు దలఁచి సతతము నొదుఁగన్
బిరుదయ్యెఁ దిట్టె, చూడుఁడు
పురుగే రాజయ్యె నెల్లపుడమి యడంగెన్

మన అమ్మమ్మలు భర్త పేరు పలికేవారు కాదు. జులు కోడళ్లు ఇంకా ముందుకు వెళ్లి, మామగారి పేరులోని అక్షరాలున్న మాటలను కూడా తప్పిస్తారు. ఆ మర్యాద పేరు ‘హ్లోనిఫా’. రాజుల పేర్లకూ అది వర్తించింది. షాకా సోదరుడు మ్పాండే రాజయ్యాక, ‘వేరు’ అనే అర్థమున్న ‘ఇంపాండే’ బదులు వేరే మాట వాడారు. ప్రశస్తిలో కూడా “అతను షాకా అనడానికి భయపడుతున్నాను” అన్న పాదం ఉంది.

నిర్వాహకుడు: మూడింటిలో నాకు నచ్చినది ఇదే. పేరు ఎలా పుట్టిందో మాత్రమే కాదు, దాన్ని జనం ఎలా మోశారో ఇందులో ఉంది. ఒక్క అభ్యంతరం, ‘తిట్టె’. ఆ పేరు షాకాను తిట్టడానికి పుట్టింది కాదు. నంది మాటను నమ్మలేదు, అంతే. ఆ తల్లి పడ్డ అవమానం ‘తిట్టు’ అన్న మాటలో కనిపించడం లేదు.

నెల్లూరు: నిజమే. “బిరుదయ్యె నింద, చూడుఁడు” అంటే గణాలూ నిలుస్తాయి, నింద నందిదీ అవుతుంది.

నిర్వాహకుడు: అలాగే ఉంచండి.