షుగర్ ఉన్న అమ్మకి బీపీ 168/62, నాలుగో మాత్ర వెయ్యాలా ఇక్కడితో ఆపాలా?

ఖమ్మం అమ్మాయి:
అందరికీ నమస్తే. అమ్మకి 71, షుగర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ మూడూ ఫుల్ డోస్‌లో వాడుతున్నాం, అయినా పై నంబర్ 165, 170 దగ్గరే ఆడుతోంది, కిందది మాత్రం 60, 62. ఒక డాక్టర్ గారు నాలుగోది స్పైరనోలాక్టోన్ మొదలుపెట్టి 130 లోపుకి తేవాల్సిందే అన్నారు, ఇంకొకాయన రక్తనాళాలు గట్టిపడిపోయాయమ్మా, ఈ వయసులో 150 ఉంటే చాలు, ఇంకా తగ్గిస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది అన్నారు. ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు.

బెజవాడ ఫార్మసిస్ట్:
నా ఓటు మొదటి ఆయనకే. వయసైంది కదా 150 పర్లేదులే అని వదిలేసినవాళ్ళే పక్షవాతంతో మంచాన పడేది. 2024లో చైనాలో చేసిన బీప్రోడ్ స్టడీ వచ్చింది, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళు 12,821 మంది, సగం మందికి పై నంబర్ 120 లోపు టార్గెట్, మిగతా సగానికి 140 లోపు. 120 గ్రూపులో గుండెపోటు, స్ట్రోక్ లాంటివన్నీ కలిపి దాదాపు ఐదో వంతు తగ్గాయి. మూడు మాత్రలకి లొంగకపోతే నాలుగోదిగా స్పైరనోలాక్టోన్ మిగతావాటికంటే బాగా పనిచేస్తుందని 2015లో బ్రిటన్‌లో పాత్‌వే-2 ట్రయల్‌లోనే తేలింది. ఇంకా ఎందుకు ఆగడం?

ఐసీయూ సిస్టర్, వరంగల్:
అన్నా, స్టడీ మంచిదే కానీ అందులో సగటు వయసు 64 లోపే. ఈ అమ్మకి 71, పైగా కింద నంబర్ 60. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె రిలాక్స్ అయ్యే టైమ్‌లోనే కదా, ఆ టైమ్‌లో ఉండే ప్రెషరే కింద నంబర్, అది ఇంకా పడితే గుండెకే తక్కువవుతుంది. 2010లో వచ్చిన అకార్డ్ అనే స్టడీలో కూడా షుగర్ వాళ్ళకి 120 లోపు తెస్తే స్ట్రోక్‌లు తగ్గాయి నిజమే, కానీ గుండెపోటు, స్ట్రోక్, గుండెజబ్బు చావులు అన్నీ కలిపి చూస్తే పెద్ద తేడా రాలేదు, మందుల వల్ల సీరియస్ ఇబ్బందులు మాత్రం 1.3 నుంచి 3.3 శాతానికి పెరిగాయి. రాత్రి బాత్రూంకి లేచి పడి తుంటి విరిగి వచ్చే పెద్దవాళ్ళని నేను చూస్తున్నా, అందులో బీపీ మాత్రలు పెంచినవాళ్ళూ ఉంటారు.

కరీంనగర్ ఫిజీషియన్:
మీరిద్దరూ నంబర్ గురించే కొట్టుకుంటున్నారు, అసలు ఆ 168 నిజంగా మందులకి లొంగని బీపీయేనా అన్నది ఎవరూ అడగలేదు. షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్ రక్తనాళాల గోడల్లో ఉండే కొల్లాజెన్‌ని అతికించేస్తుంది, సాగే గుణం పోతుంది, ఎండకి బిరుసెక్కిన పైపులా అయిపోతుంది. అందుకే గుండె కొట్టినప్పుడు పైది ఎగురుతుంది, మధ్యలో ప్రెషర్ పట్టి ఉంచే శక్తి లేక కిందది పడిపోతుంది. 168/62 అంటే మధ్య తేడా 106, మామూలుగా 40 దగ్గర ఉండాలి. ఇలాంటి నాళాలని మాత్రలతో మళ్ళీ మెత్తబరచలేం, ఇది ఒప్పుకోవాలి. కానీ పైకి నెట్టే మిగతా కారణాలు ఉంటే తీసెయ్యొచ్చు.
అమ్మా, మోకాళ్ళ నొప్పికి ఏమైనా వాడుతున్నారా? ఉప్పు ఎంత? గురక ఉందా? మాత్రలు రోజూ వేసుకుంటున్నారా? చెయ్యి లావుగా ఉండి బీపీ మిషన్ పట్టీ (కఫ్) చిన్నది చుట్టినా ఎక్కువ చూపిస్తుంది. అన్నిటికంటే ముందు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి.

ఖమ్మం అమ్మాయి:
డాక్టర్ గారూ చూశాను. పడుకుంటే 172/64, నిలబడ్డాక మూడు నిమిషాలకి 138/58. మోకాళ్ళకి మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ దాదాపు రోజూ వేసుకుంటోందట, నాకే తెలీదు. ఊరగాయ లేకుండా ముద్ద దిగదు. గురక ఉంది.

కరీంనగర్ ఫిజీషియన్:
చూశారా, 34 పడింది. 20 పడినా లెక్కలోకి తీసుకోవాల్సిందే, షుగర్ వల్ల బీపీని సర్దే నరాలు దెబ్బతింటే ఇలాగే పడుకుంటే ఎక్కువ, నిలబడితే తక్కువ అవుతుంది. డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, దానికి టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ తోడైతే కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. ముందు అది ఆపాలి, నొప్పికి వేరే దారి మీ డాక్టర్‌తో చూసుకోండి. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే, అంటే టీస్పూన్ లోపు, ఊరగాయతో కలిపే. తర్వాత కొన్ని వారాలకి మళ్ళీ చూద్దాం.

బెజవాడ ఫార్మసిస్ట్:
డైక్లో సంగతి నిజం, మా కౌంటర్ దగ్గర రోజూ చూసేదే. కానీ అది ఆపాక కూడా 160 ఉంటే? అప్పుడు కూడా వదిలెయ్యమంటారా? స్ట్రోక్ అయితే వెనక్కి తెచ్చేది ఏమీ లేదు సార్.

కరీంనగర్ ఫిజీషియన్:
వదిలెయ్యమనట్లేదు. అప్పుడు స్పైరనోలాక్టోన్ 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టొచ్చు, కానీ రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే టెస్టు), పొటాషియం ముందు చూసి, ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చూసి. టెల్మిసార్టాన్‌తో కలిస్తే పొటాషియం పెరుగుతుంది, తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో ఉండేది కూడా పొటాషియమే, అది అస్సలు వద్దు. నా లెక్కలో ఈ అమ్మకి టార్గెట్ నిలబడినప్పుడు చూసే నంబర్ మీద పెట్టాలి, కూర్చుంటే 140 దగ్గర ఉన్నా నేను ఒప్పుకుంటాను.

ఐసీయూ సిస్టర్, వరంగల్:
నేనైతే 145 అన్నా ఒప్పుకుంటా సార్, ఆమె పడకుండా ఉంటే.

బెజవాడ ఫార్మసిస్ట్:
నేను ఒప్పుకోను సిస్టర్, 130 వైపు నెమ్మదిగానైనా వెళ్ళాల్సిందే. ఖమ్మం అమ్మాయ్, డైక్లో ఆపి, టెస్టులు అయ్యాక పడుకున్నదీ నిలబడ్డదీ రెండు రీడింగులూ ఇక్కడ పెట్టమ్మా, పొటాషియం రిపోర్టుతో సహా.