వేసవి సెలవులు: పెరట్లో ఏం వెయ్యాలి, పిట్టలకి నీళ్లెలా పెట్టాలి? (విశాఖ)

పెరటిగుమ్మం:
మాధవధారలో కొండవైపు ఇల్లండి. వెనక పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు పెరడు. ఒక మూల కరివేపాకు చెట్టు, గోడవార నిమ్మమొక్క, మిగతాదంతా గట్టిపడిన ఎర్రనేల. మధ్యాహ్నం రెండు దాటాక పడమటెండ నేరుగా కొడుతుంది. పిల్లలకి ఆరేళ్లు, పదేళ్లు. జూన్ రెండో వారంలో బడి తెరిచేలోగా వాళ్లు నాటింది వాళ్లే కోసుకునేలా ఏం వెయ్యొచ్చు? టమాటా కావాలంటున్నారు. పిచ్చుకలకి నీళ్లూ గూడూ పెట్టాలని ఉంది గానీ డెంగ్యూ దోమలంటే భయం. కరివేపాకుని పురుగులు తినేస్తున్నాయి, ఏ మందు కొట్టాలి? కొండ పక్కనే కాబట్టి పాముల సంగతి కూడా చెప్పండి.

ఎర్రమట్టి:
టమాటా ఇప్పుడు వద్దండి. రాత్రి వేడి పాతిక డిగ్రీలు దాటితే పూత నిలవదు, మన దగ్గర మే నెల రాత్రులు అంతకంటే వేడిగానే ఉంటాయి. మొక్క పచ్చగా ఎదుగుతుంది, పువ్వులు రాలిపోతాయి, పిల్లలు నీరసపడతారు. తోటకూర, బెండ, గోంగూర వెయ్యండి.

మడి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలు. అంతకంటే వెడల్పైతే చిన్నాడి చెయ్యి నడిమికి అందదు, మడి తొక్కేస్తాడు. ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి నాననిస్తే పొద్దున్నే గునపం దిగుతుంది. అడుగు లోతు తవ్వి, బాగా మాగిన పశువుల గెత్తం (ఎరువు) ఇరవై కేజీలు, వేపపిండి అరకేజీ కలపండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి, పైగా వేరుపురుగు చేరుతుంది.

తోటకూర గింజలు మరీ సన్నం. ఒక చెంచా గింజలకి పది చెంచాల పొడి ఇసుక కలిపి చల్లి, పైన మట్టి పలచగా దులిపితే చాలు. లోతుగా పడితే మొలవవు. చీమలు గింజలు మోసుకుపోతాయి కాబట్టి మడి చుట్టూ కాస్త బియ్యపు నూక చల్లండి, వాటి ధ్యాస అటు పోతుంది. నాలుగైదు రోజుల్లో మొలకలు వస్తాయి. పాతికరోజులకి కొయ్యొచ్చు. రెండంగుళాల మోడు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పిల్లలకి ముందు ఇదే వెయ్యండి, ఎందుకంటే వారం తిరక్కుండా మార్పు కనబడాలి.

బెండకి మాత్రం సెలవులిచ్చేదాకా ఆగొద్దు. విత్తిన నలభై రోజులకి గానీ పూత రాదు కాబట్టి ఏప్రిల్ మొదట్లోనే పెట్టాలి. గింజలు రాత్రంతా నానబెట్టి, అడుగు దూరంలో గుంటకి రెండేసి, ముప్పావంగుళం లోతున వెయ్యండి. మొలిచాక బలమైనది ఉంచి రెండోది కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్కదాని వేళ్లు కదులుతాయి. పువ్వు విచ్చిన అయిదో రోజుకల్లా కాయ కోసేయాలి. ముదరనిస్తే పీచు పడుతుంది, కొత్త కాపు కూడా తగ్గిపోతుంది. ఆకు ఈనెలు పసుపు రంగుకి తిరిగితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ తెస్తుంది, మందు లేదు, ఆ మొక్క పీకెయ్యడమే. తట్టుకునే రకం కావాలంటే అర్క అనామిక అడగండి.

పడమటి వైపు యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల నిలువుగా కట్టండి. కింద అడుగు ఖాళీ వదలకపోతే గాలికి గుంజలు ఊడొస్తాయి. నీళ్లు పొద్దున్న ఏడులోపే. ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిస్తే తడి ఆరదు. మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారుపడకండి. సాయంత్రానికి లేస్తే దాహం కాదు, ఎండ దెబ్బ. అప్పుడు నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది.

పిట్టగూడు:
కరివేపాకు మీద ఏ మందూ కొట్టొద్దండి, దయచేసి. మొదట పిట్ట రెట్టలా నలుపు, తెలుపు మచ్చలతో, ముదిరాక ఆకుపచ్చగా ఉంటే అవి సీతాకోకచిలుక పురుగులు. నిమ్మజాతి మొక్కలన్నా, కరివేపాకన్నా వాటికి ఇష్టం. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, ఘాటు వాసన వేస్తుంది. పెద్ద చెట్టుకి వీటివల్ల నష్టం లేదు. నిమ్మ చిన్నదైతే దాని మీదున్నవాటిని తీసి కరివేపాకు మీద వదలండి.

పిల్లలకి చూపించాలంటే ఒకటి రెండిటిని వెడల్పు మూతి సీసాలో ఉంచి, పల్చని గుడ్డ కట్టండి. రోజుకి రెండుసార్లు తాజా ఆకు, అడుగున కాగితం రోజూ మార్చాలి. నీళ్ల గిన్నె పెట్టొద్దు, మునిగి చస్తాయి. ఏటవాలుగా ఒక పుల్ల ఉంచితే దానికి నూలుపోగు కట్టుకుని గూడవుతుంది. ఇంచుమించు పదిరోజులకి చిలుక బయటికొస్తుంది. రెక్కలు ఆరేదాకా, అంటే రెండు మూడు గంటలు, ముట్టుకోనివ్వకండి.

నీళ్లకి అడుగు వెడల్పు మట్టిపళ్లెం. లోతు రెండంగుళాలు మించకూడదు, మధ్యలో ఒక రాయి ఉండాలి. డెంగ్యూ దోమ గుడ్లు నీళ్లలో తేలవు, తడిగీత పైన పళ్లెం అంచుకి అంటుకుంటాయి, ఎండినా బతుకుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు. రోజూ మార్చండి, రెండ్రోజులకోసారి కొబ్బరిపీచుతో అంచులు గట్టిగా తోమండి. గుడ్డు దోమ కావడానికి వారం పైనే పడుతుంది, ఈ పద్ధతి తప్పకపోతే భయం లేదు. పళ్లెం నీడలోనే, కానీ పొదలకి ఆరడుగుల దూరంలో పెట్టండి. పిల్లి మాటువేసే చోటు ఉండకూడదు.

పిచ్చుక గూడు చెక్కతోనే. రేకుదైతే పిల్లలు ఉడికిపోతాయి. గూటి అడుగుభాగం ఆరంగుళాల చదరం, ఎత్తు ఎనిమిదంగుళాలు, రంధ్రం అంగుళంపావు. గోరింకకి ఆ రంధ్రం పట్టదు. ముందు కూర్చునే పుల్ల బిగించొద్దు, అది కాకికే సాయం. అడుగున నాలుగు సన్న చిల్లులు ఉండాలి. తూర్పు లేదా ఉత్తరం వైపు చూరు కింద ఎనిమిది, పదడుగుల ఎత్తున మేకు కొట్టండి. ఇంకొకటి: అడుగున్నర మేర పొడిమట్టి తడపకుండా వదలండి, పిచ్చుకలు అందులో పొర్లుతాయి. పిల్లలు కిటికీలోంచి చూడ్డానికి ఇంతకంటే మంచిది లేదు.

కొండవాలు:
పిట్టలకి గింజలు పెడితే గుప్పెడే, అదీ పొద్దున్న. చీకటి పడేలోగా మిగిలింది ఊడ్చెయ్యాలి. గింజకి ఎలుక, ఎలుకకి పాము వస్తాయి. కట్టెలు, విరిగిన పెంకులు, పాత కుండీలు గోడవార పేర్చొద్దు. తూము మూతికి జాలీ బిగించండి. కనిపించే పాముల్లో జెర్రిపోతులే ఎక్కువ, విషం లేనివి. అయినా మీరు గుర్తుపట్టే ప్రయత్నం చెయ్యకండి. పిల్లల్ని లోపలికి పంపి పాములు పట్టేవాళ్లని పిలవండి. కాటు పడితే కట్టు బిగించడం, కొయ్యడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే కేజీహెచ్‌కి (విశాఖ ప్రభుత్వ పెద్దాసుపత్రి) తీసుకెళ్లండి.

పెరటిగుమ్మం:
చాలా థాంక్సండి. పెద్దదానికి సీతాకోకలు దొరికాయి. ఆరేళ్లవాడికి రోజూ చేసే పని ఏదైనా?

ఎర్రమట్టి:
నీళ్లు పొయ్యడం వాడికిచ్చెయ్యండి. లీటరు సీసా చాలు, రెండు లీటర్లది మొయ్యలేడు. మూతకి వేడి సూదితో మీరే పది బెజ్జాలు పెట్టి, సీసా అడుగు దగ్గర గాలికి ఒకటి పెట్టండి. అది లేకపోతే ధార ఆగి ఆగి వస్తుంది. మొలకలకి ఈ జల్లే మంచిది, చెంబుతో కుమ్మరిస్తే గింజలు కొట్టుకుపోతాయి. సాయంత్రం అయిదున్నర దాటాక ఖాళీ చోట ఏడుపెంకులాట ఆడించండి, పెంకుల అంచులు ముందే రాతి మీద అరగదీసి.