‘ఆసు పోసుడు’ అంటే ఏంది? మల్లేశం చూసినోళ్లకు

తమ్ముడూ, మల్లేశం సినిమా చూసి ‘ఆసు పోసుడు అంటే ఆశ వదులుకునుడా’ అని అడిగినవ్, అది కాదు. నవ్వొచ్చింది గానీ మగ్గం లేని ఊళ్లో పుట్టినోళ్లకు ఎట్ల తెలుస్తది. చిటికి కట్టి (నూలును అక్కడక్కడ గట్టిగ ముడేసి) రంగులో ముంచే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతూ పోగులు వేస్తరు, అదే ఆసు పోయడం. ఒక పక్క ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస, చెయ్యి అటు పోవాలె మళ్లీ ఇటు రావాలె, ఒక్క చీరకు దాదాపు 9000 సార్లు, అదీ ఎక్కువగా ఇంట్ల ఆడోళ్లే. భుజం పట్టేయదా మరి? 2019లో వచ్చిన ఆ సినిమాలో తల్లి పాత్రల ఝాన్సీ పడే బాధ అదే. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం తల్లి కోసం యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టిండు, లక్ష్మి ఆసు యంత్రమని.

నిఘంటువులో ఆసుకు నాడె, అంటే మగ్గంల అటూ ఇటూ పోగును తీస్కపోయే పనిముట్టు, అన్న అర్థం కూడా ఉంది. ‘ఆసులో కండెలా (నూలు చుట్టిన గొట్టంలా) తిరుగుతుండు’ అంటే కాలు ఒక్కచోట నిలవనోడు.

సినిమాగా రెండో సగం కొంచెం సాగినట్టు అనిపించింది నాకు, అయినా మళ్లీ చూస్త. ఎందుకంటే మొన్న ఓటీటీలో ఇంకోటి చూసిన, పేరెందుకులే, హీరో మాటమాటకు గిట్ల గట్ల అంటడు, తీరా పత్తి చేన్ల గుంటుక (కలుపు తీసే పనిముట్టు) పట్టుకొని ‘పొలం దున్నుతున్న’ అంటడు! మా నల్గొండల పొలమంటే వరి మడి. పత్తి పెట్టేది చెల్కల, అంటే మెట్ట భూమిల. యాస అంటే మాట చివర ‘డు’ తగిలించుడు అనుకుంటరు వీళ్లు, పని మాటలు పట్టకుండ ఎంత సాగదీసినా అది మిమిక్రీయే.

— అన్నా, మరి బలగం సినిమా?

— అది వేరే లెక్క. పిట్ట ముట్టుడు, అంటే సచ్చిపోయినోళ్లకు పెట్టిన ముద్దను కాకి ముట్టుడు, దాని చుట్టూనే కథంతా తిరుగుతది, ఆ మాట తీసేస్తే సినిమానే లేదు. కాకపోతే అది సిరిసిల్ల దిక్కు మాట, దాన్నే తెలంగాణ మొత్తానికి నమూనా చేసుడే నాకు నచ్చది. పాలమూరోళ్లు ‘యాడికి’ అంటరు, అది తెర మీద వినపడదు.

— మాది గద్వాల. మా చీరకు చిటికి పని లేదు, నూలు ఒంటికి పట్టు అంచు కలుపుతరు, దాన్ని కుప్పడం అంటం. ఏ సినిమాల్నన్న విన్నరా ఈ మాట?

— నేనైతే వినలే. చీర మాత్రం ప్రతి పెండ్లి సీన్ల కనిపిస్తది.