మండువా ఇంటి బొమ్మరిల్లును ఎటువైపు తెరవాలి?

ప్రశ్న (అమలాపురం దగ్గరి తాతయ్య)

మా తాతల నాటి మండువా లోగిలిని (మండువా అంటే ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలిన చోటు) పడగొట్టి డాబా కట్టుకున్నాము. ఆ పాత ఇంటి నమూనాలో ఆరేళ్ళ మనుమరాలికి ఒక బొమ్మరిల్లు చేయించాలని నా కోరిక. పాత ఇల్లు 36 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉండేది. బజారులో నేను చూసిన బొమ్మరిళ్ళన్నీ మేడలే. ముందుగోడ బీరువా తలుపులా తెరుచుకుంటుంది, గదులన్నీ ఒకదానిపై ఒకటి కనబడతాయి. మా ఇంటికి ముందుగోడ తీసేస్తే అరుగూ వసారా తప్ప మరేమీ కనబడవు, ఎందుకంటే ఇల్లంతా మండువా చుట్టూనే ఉంది. దీన్ని ఎటు తెరవాలో, ఏ కొలతలో చేయించాలో తెలిసినవారు చెప్పగలరు. వడ్రంగి టేకుతోనే చేస్తానని పట్టుబడుతున్నాడు.

జవాబు 1 (నరసాపురం, నమూనాలు చేసే అలవాటున్నవాడిని)

ముందు నుంచి తెరవడమన్నది ఇంటి నుంచి కాక, నిజంగానే బీరువా నుంచి వచ్చిన పద్ధతి. 17వ శతాబ్దపు హాలండులో సంపన్న గృహిణులు ఖరీదైన బీరువాల అరలనే గదులుగా అమర్చుకునేవారు. పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ చేయించుకున్నది ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో నేటికీ ఉంది. మన లోగిలికి ఆ పద్ధతి సరిపోదు కాబట్టి మీరు పైనుంచి తెరవండి. పెంకుల కప్పును నాలుగు ముక్కలుగా చేయించి, గోడల అంచున చిన్న చీలలకు తగిలేలా పెడితే, పాప తనకు కావలసిన వైపు మాత్రమే ఎత్తుకుంటుంది.

కొలత విషయంలో అందరూ వాడేది పన్నెండో వంతు, అంటే అడుగుకు అంగుళం. ఆ లెక్కన మీ ఇల్లు 36 అంగుళాలకు 30 అంగుళాలవుతుంది, దాన్ని మంచం మీద పెడితే మనిషి పడుకోవడానికి చోటుండదు. అడుగుకు అర అంగుళం చొప్పున చేస్తే చక్కగా ఇముడుతుంది కానీ, ఆరడుగుల తలుపు మూడంగుళాలకు దిగిపోయి, పాప చెయ్యి గదిలో తిరగదు. నా మాట వింటే అంగుళం లెక్కే ఉంచి, గదులు తగ్గించండి: మండువా, వంటిల్లు, పడకగది, వసారా చాలు. టేకు బరువెక్కువ. ఎండీఎఫ్, అంటే చెక్కపీచును అదిమి చేసే పలక, మన వానాకాలపు తేమకు ఉబ్బుతుంది. ఆరు మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ తెప్పించండి.

జవాబు 2 (రామచంద్రపురం అమ్మమ్మ)

పై వారి లెక్కలు నాకు నచ్చాయి కానీ, పిల్లలు లెక్క ప్రకారం ఆడుకోరని కూడా చెప్పాలి. మా చిన్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువు తీసేశాక మాకు దక్కినవి ఏటికొప్పాక లక్కపిడతలే. అంకుడు కర్రతో చేసే ఆ పిడత అంగుళంన్నర ఎత్తుంటే, అంగుళం లెక్కలో అది అడుగున్నర గుండిగ! పెళ్ళివంట చేయవచ్చు. అయినా దానిలోనే ఇద్దరికి అన్నం వండి వడ్డించాము, ఎవరికీ తేడా తెలియలేదు. కాబట్టి సామాను కొనేటప్పుడు మరీ కచ్చితం పాటించకండి, ఏదీ జిగురుతో నేలకు అంటించనూ వద్దు. ఢిల్లీలో రాష్ట్రపతి భవనాన్ని రూపొందించిన లుటియెన్స్ ఇంగ్లండు రాణి మేరీ కోసం 1924 నాటికి ఒక బొమ్మరిల్లు తీర్చిదిద్దాడు. అందులో కుళాయిల్లో నీళ్ళు వస్తాయి, దీపాలు వెలుగుతాయి, కానీ అది చూడటానికే తప్ప ఆడటానికి కాదు. మీరు చేయించేది పాపకా, పాత ఇంటి జ్ఞాపకానికా అన్నది ముందే తేల్చుకోండి. కిటికీలకు మీ నరసాపురం వారి లేసు ముక్కలు తెరలుగా అందంగా ఉంటాయి. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే మాత్రం చిన్న సామాను వారికి అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మమ్మ గారి ప్రశ్న నన్ను కొంచెం ఇబ్బంది పెట్టిన మాట నిజం; పడకగదికి బదులు మా నాన్నగారి గాదె గది పెట్టించాలనుకుంటున్న సంగతి నేను మీకు చెప్పలేదు. పాపనే అడిగితే, గాదె సంగతి పట్టించుకోకుండా, వాన పడితే మండువాలో నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగింది.

జవాబు 1

మండువా అడుగున స్టీలు పళ్ళెం దించి, ఒక మూల తూముగా సన్నని గొట్టం పెట్టించండి. చుట్టూ ప్లైవుడ్ అంచులకు రెండు పూతలు వార్నిషు వేయిస్తే, పాప చెంబుతో పోసినా గోడలు చెడవు.