‘2వ వరుసలో వరుస ఖాళీగా ఉంది’

పర్లాకిమిడి నుంచి:
మా తెలుగు సంఘం సభ్యత్వ దరఖాస్తును లారవెల్‌లో (వెబ్‌సైట్లు కట్టే పనిముట్టు) తయారుచేశాను. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందినీ చేర్చవచ్చు. ఒక్కొక్కరికీ పేరు, వయసు, వరుస. నిన్న మా అత్తయ్య నింపుతూ ఒక గడి వదిలేసింది. తెర మీద పై వాక్యం వచ్చింది. “నాకు తెలియకుండా మీ మామయ్యకు రెండో వరుస ఎక్కడిదిరా?” అని ఒకటే నవ్వు. ఏ వరుసను మార్చమంటారు?

గుణుపురం నుంచి:
బంధుత్వానికి ‘సంబంధం’ అనండి.

పర్లాకిమిడి నుంచి:
మా వీధిలో సంబంధం అంటే పెళ్లి సంబంధమేనండి. ఒడియా దరఖాస్తుల్లోని ‘సంపర్క’ను తెలుగులోకి దించితే ఇంకా ప్రమాదం!

బరంపురం నుంచి:
‘2వ వరుస’ అన్నచోట ‘పంక్తి’ అనండి. నింపిన గడులను లారవెల్ చేసే తనిఖీ కూడా భోజనాల పంక్తి లాంటిదే. ‘అర్రే’ (వచ్చింది జాబితాయేనా అనే) నియమం ఒక్కటే పెడితే పంక్తి వేశారా లేదా అనే చూస్తుంది, ఎవరి విస్తరిలో ఏముందో చూడదు. అందుకు జాబితా పేరు తరువాత చుక్క, నక్షత్రం, మళ్లీ చుక్క, ఆపైన గడి పేరు రాయాలి. నక్షత్రం అంటే ‘ప్రతి ఒక్కరూ’ అని. అయితే పంక్తిలో ఎవరూ కూర్చోకపోతే ఆ నియమం ఎవరినీ అడగదు, తప్పూ పట్టదు. జాబితాకు విడిగా ‘రిక్వైర్డ్’ (తప్పనిసరి) పెట్టారా?

పర్లాకిమిడి నుంచి:
పెట్టాను మాస్టారూ. సందేశంలో ఎన్నోదో చెప్పే అంకె కోసం మొదట ‘ఇండెక్స్’ వాడితే ‘0వ వరుస’ అని వచ్చేది. ‘పొజిషన్’ వాడాక లెక్క 1 నుంచి మొదలైంది.

పాతపట్నం నుంచి:
పంక్తి ఎందుకు? ‘2వ మనిషికి వరుస రాయలేదు’ అంటే చాలదా? లెక్కపెట్టేది మనుషులనే కదా. ముగ్గురు పిల్లలు, మూడు గిన్నెలు అనే భాష మనది. కనీసం ఎన్ని ఉండాలో చూసే ‘మిన్’ నియమానికి వచ్చే ఇంగ్లీషు సందేశంలోని ‘ఐటెమ్స్’ను ‘కనీసం 3 అంశాలు ఉండాలి’ అని దించారనుకోండి, మీ అత్తయ్య కూడా ఒక అంశమే!

పర్లాకిమిడి నుంచి:
మార్చి అత్తయ్యకు చూపించాను. “రెండో మనిషి ఏమిటిరా, దానికి పేరు లేదా? పక్క గడిలో రాశానుగా” అంది. నిజమే, పేరుతోనే అడగవచ్చు. కానీ లక్ష్మి అయితే ‘కి’, రాధ అయితే ‘కు’. పేరు చివరి అచ్చు చూసి విభక్తి తగిలించే నియమం లారవెల్‌లో లేదు. ఈ రాత్రికి అదే పని.